క్రోషా సూది: నంబరు దారానిది, పిడి చేతిది

క్రోషా సూది కొనడానికి దుకాణానికి వెళ్తే అక్కడ మొదట అడిగేది ఏ నంబరు కావాలని. సూది మీద చెక్కి ఉండేదీ ఆ అంకె ఒక్కటే. సన్నని ఉక్కు సూదుల నుంచి లావుపాటి అల్యూమినియం, వెదురు సూదుల దాకా 1.25 మిల్లీమీటర్లు, 2.5, 4, 5 అంటూ అన్నిటికీ ఈ కొలత ఉంటుంది. అది సూది కాడ లావు. లూపు కాడ చుట్టూ కూర్చుంటుంది కాబట్టి కుట్టు ఎంత పెద్దదిగా పడుతుందో ఆ లావును బట్టే ఉంటుంది. దారం సంగతి, డిజైను సంగతి చూసుకోవడానికి ఆ అంకె చాలు. కానీ సూదికి మనం పట్టుకునే కొస కూడా ఒకటుంది. గంటల తరబడి మన వేళ్ల మధ్య నలిగేది ఆ కొస. దాని లావెంత, బరువెంత, చెమట పట్టిన చేతిలో అది నిలుస్తుందా జారుతుందా అన్నది ఏ అంకె చూసీ తెలియదు. నంబరును దారం చూసి ఎంచుకోవాలి, పిడిని చేయి చూసి ఎంచుకోవాలి అన్నది నా వాదం. రెండోది సోకు కింద జమకట్టడం వల్ల చాలామంది చేతులు పడనవసరంలేని నొప్పి పడుతున్నాయి. ఎందుకలా అంటున్నానో వివరిస్తాను.

ఒక్క కుట్టు వేసేటప్పుడు చేతిలో ఏం జరుగుతుందో నిదానంగా చూద్దాం. బొటనవేలు, చూపుడువేలు సూదిని నొక్కి పట్టుకుంటాయి. మధ్యవేలు కిందినుంచి ఆసరా ఇస్తుంది. కొక్కేన్ని కింది వరస కుట్టులోకి గుచ్చి, దారాన్ని దాని మీదుగా తిప్పుకుంటాం. అప్పుడు కొక్కెం నోరు కిందికి వచ్చేలా సూదిని వేళ్ల మధ్యే కొంచెం దొర్లించి, దారాన్ని లూపులోంచి ఇవతలికి లాగి, మళ్లీ సూదిని మొదటి స్థితికి తెస్తాం. చూసేవాళ్లకు లాగడం ఒక్కటే కనిపిస్తుంది. అసలు శ్రమ మాత్రం ఆ దొర్లించడంలోనూ, దొర్లుతున్నంతసేపూ సూది జారిపోకుండా అదిమి పట్టడంలోనూ ఉంది. కాడ ఎంత సన్నగా ఉంటే దాన్ని తిప్పడానికి వేళ్లు అంత గట్టిగా నొక్కాలి. స్క్రూడ్రైవరు కాడ ఎంత సన్నదైనా దానికి లావు పిడి పెట్టేది ఈ కారణంతోనే. నిమిషానికి 20 కుట్లు అనుకున్నా గంటకు 1200 సార్లు ఈ నొక్కుడు, దొర్లింపు జరుగుతాయి. ఒక్కో కుట్టులో పడే భారం చాలా చిన్నదే. చేయి మోసేది మాత్రం మొత్తాన్ని.

ఈ భారం ఎక్కడికి పోతుంది? వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు మణికట్టు దగ్గర ఒక ఇరుకైన సొరంగం లాంటి దారిలోంచి వెళ్తాయి. దానికి మూడు వైపులా ఎముకలు, పైన బిగుతైన పట్టీ. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి, ఉంగరపువేలిలో సగానికి స్పర్శనిచ్చే నరం కూడా వాటితో పాటు ఆ దారిలోనే వెళ్తుంది. వేలికొసలతో గట్టిగా నొక్కితే ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. మణికట్టును పైకో కిందికో వంచి నొక్కితే మరీ పెరుగుతుంది. బొటనవేలి మొదట్లో కీలు మీద పడే భారం మరోటి. వేలికొసల దగ్గర కొంచెంగా అనిపించే నొక్కుడు ఆ కీలు దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లు అవుతుంది. అందుకే చాలాసేపు అల్లితే బొటనవేలి మొదలు సలుపుతుంది.

పిడి లావు వల్ల ఈ నొక్కుడు తగ్గుతుందనడానికి ఆధారం ఉంది. సున్నితమైన పనులకు వాడే చేతి పనిముట్ల పిడి 8 నుంచి 16 మిల్లీమీటర్ల లావు ఉండాలని, 12 అయితే మరీ మంచిదని కెనడా వృత్తి ఆరోగ్య, భద్రతా కేంద్రం సూచిస్తుంది. క్రోషాకు ఇంకా దగ్గరగా ఉండే ఆధారం దంతవైద్యం నుంచి వచ్చింది. పళ్ల మీద గార తీసేవాళ్లు కూడా సన్నని ఉక్కు పనిముట్టును ఇలాగే రెండు మూడు వేళ్ల మధ్య పట్టుకుని, రోజంతా చిన్నచిన్న కదలికలతో పనిచేస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రకరకాల లావుల్లో, బరువుల్లో అలాంటి పనిముట్లు తయారుచేయించి, వాటితో పనిచేసేటప్పుడు కండరాల మీద ఎంత భారం పడుతుందో, వేళ్లు ఎంత బలంగా నొక్కుతున్నాయో కొలిచారు. 2006లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం 10 మిల్లీమీటర్ల లావు, 15 గ్రాముల బరువు ఉన్న పనిముట్టుతో భారం అన్నిటికంటే తక్కువ. 10 మిల్లీమీటర్లు దాటి లావు పెంచినా అదనపు లాభం కనిపించలేదు. లేసు అల్లే సన్నని ఉక్కు సూదిని పట్టుకునే చోట కొలిస్తే ఈ లావులో మూడో వంతు కూడా ఉండదు.

పళ్ల గార గీకడానికి బలం కావాలి, లేసు అల్లడానికి అంత బలం అక్కర్లేదు కదా, ఈ లెక్క దీనికెలా వర్తిస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ అంకెలను యథాతథంగా క్రోషాకు అంటగట్టడం లేదు. పనికి కావలసిన బలం వేరు, పనిముట్టు జారకుండా పట్టుకోవడానికి కావలసిన బలం వేరు. అల్లికలో మొదటిది తక్కువే, రెండోది మాత్రం సన్నకాడ వల్ల ఎక్కువవుతుంది. పిడి లావు తగ్గించేది ఆ రెండోదాన్నే. పైగా పళ్ల పనిలో ఒక్కొక్కరి మధ్య కాస్త విరామం ఉంటుంది. అల్లికలో వరస వెంట వరస సాగిపోతూనే ఉంటుంది.

లావు పెంచితే చాలనుకోవడమూ పొరపాటే. ఆ పరిశోధనలో లావుతో పాటు తేలికదనానికీ విలువ ఉందని తేలింది. కొన్ని అలంకారపు సూదులకు బరువైన చెక్క పిడులు, లోహపు పిడులు, గాజు పూసలు పొదిగిన పిడులు వస్తున్నాయి. బరువంతా వెనకవైపే ఉంటే కొక్కెం కొస పైకి లేస్తుంది, దాన్ని కిందికి అదిమి పెట్టే పని మళ్లీ వేళ్ల మీదే పడుతుంది. సూదిని చూపుడువేలి మీద అడ్డంగా నిలిపి చూడండి. మీరు పట్టుకునే చోటికి దగ్గర్లో సమంగా నిలిస్తే మంచిది. వెనక్కి ఒరిగిపోతే, ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి.

ఇక అందరూ లేవదీసే అభ్యంతరం ఒకటుంది. మా అమ్మమ్మలు, నాయనమ్మలు ఒట్టి ఉక్కు సూదితోనే తలుపులకు తోరణాలు, బల్లలకు గుడ్డలు అల్లారు, వాళ్లకు లేని పిడి మనకెందుకని. దీనికి మగ్గం వర్కు చేసేవాళ్లే జవాబు. క్రోషా పుట్టుక వెనక చట్రానికి బట్ట బిగించి కొక్కెం సూదితో కుట్టే ఎంబ్రాయిడరీ ఉందని చరిత్రకారులు చెబుతారు. మన ఊళ్లలో పెళ్లి జాకెట్ల మీద చేసే మగ్గం వర్కు ఆ కుటుంబానిదే. దానికి వాడే ఆరీ సూదిని ఎప్పుడైనా దగ్గరగా చూడండి. కొక్కెం వెంట్రుకంత సన్నం. అయినా అది ఒట్టిగా ఉండదు, చేతికి నిండుగా వచ్చే చెక్క పిడిలో దిగగొట్టి ఉంటుంది. రోజంతా కూర్చుని బతుకుతెరువు కోసం చేసే పని అది, అందుకే పిడి ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కూడా సన్నని ఉక్కు క్రోషా సూదులకు చెక్కతో, ఎముకతో, దంతంతో పిడులు చేసేవాళ్లు. ఒకే పిడిలో రకరకాల సూదులు మార్చి బిగించుకునే పెట్టెలూ అమ్మేవాళ్లు. అంటే పిడి కొత్తగా పుట్టుకొచ్చిన నాజూకు కాదు. మధ్యలో చవక సూదులు వచ్చి దాన్ని వదిలేశాయి.

వదిలేసినా ఎవరూ అడగలేదెందుకు? నరసాపురం సంగతి చూస్తే కొంత అర్థమవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లికను పందొమ్మిదో శతాబ్దం నుంచీ చేస్తున్నారు. ఆ లేసు విదేశాలకు వెళ్తుంది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి లేసు పనివాళ్ల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆ ఆడవాళ్లను గృహిణులుగానే లెక్కవేశారని, వాళ్లు చేసేది తీరికవేళల కాలక్షేపం అనుకున్నారని, అందువల్ల దానికి పని విలువ దక్కలేదని ఆమె వాదన. సూది విషయంలోనూ అదే జరిగిందని నాకనిపిస్తుంది. కాలక్షేపానికి చేసేదైతే పనిముట్టు ఎలా ఉంటే ఏంటి? నొప్పి పుడితే పక్కన పెట్టవచ్చు. ముక్కకింత అని కూలి లెక్కకట్టే చోట పక్కన పెట్టడమంటే కూలి పోవడం. వడ్రంగి ఉలి పిడి గురించి, దర్జీ కత్తెర గురించి ఎవరికీ సందేహం రాదు. లేసు సూది పిడి గురించి మాత్రం అడిగితే అది గారంగా తోచడం నాకు బాధ కలిగిస్తుంది.

పిడి తర్వాత చేతికి సుఖాన్నిచ్చేది కొక్కెం ఆకారం. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానిలో కొక్కెం తల కాడతో సమానంగా, ఒకే గీతలో ఉంటుంది, గాటు లోతుగా కోసినట్టు పదునుగా ఉంటుంది. అమెరికాలో సూసన్ బేట్స్ సూదులు ఈ రకానివి. రెండోదానిలో తల గుండ్రంగా కాస్త ముందుకు ఉబికి, మెడ క్రమంగా సన్నబడుతుంది. బోయ్ సూదులు ఇలా ఉంటాయి. లోతు గాటు దారాన్ని గట్టిగా పట్టుకుంటుంది, జారవిడవదు. కానీ బిగుతుగా అల్లేవాళ్లకు ఆ గాటు అంచు ప్రతి లూపు దగ్గరా తట్టుకుంటుంది. అప్పుడు వాళ్లు తమకు తెలియకుండానే మణికట్టును మెలితిప్పి బయటికి లాగుతారు. వాళ్లకు గుండ్రటి తల నయం. వదులుగా అల్లేవాళ్లకు గుండ్రటి తలలోంచి దారం జారిపోతుంది, జారినదాన్ని మళ్లీ పట్టుకోవడానికి ఇంకో కదలిక కావాలి. కొస మరీ మొనదేలి ఉంటే పురి వదులుగా ఉన్న దారం చీలిపోతుంది. మరీ మొద్దుగా ఉంటే బిగుతు కుట్టులోకి దూరదు. దుకాణంలోనే మెడ లోపల గోరుతో తడిమి చూడండి. గోరుకు చిన్న గరుకు తగిలినా అది దారపు పోగుల్ని లేపుతుంది. ప్రతి కుట్టులోనూ కొంచెం అడ్డుపడే సూది సాయంత్రానికి చేతిని ఎంత అలసటకు గురిచేస్తుందో, అదే దారంతో నునుపైన సూది పట్టి చూస్తే గాని తెలియదు.

మన వాతావరణానికి సంబంధించిన మాట కూడా ఒకటుంది. కోస్తా ఉక్కపోతలో నున్నటి ఉక్కు, రంగు పూసిన లోహం వేళ్ల మధ్య జారుతాయి. జారేదాన్ని చేయి తానుగా బిగిస్తుంది. అందుకే నిగనిగలాడే పిడి కంటే కొద్దిగా గరుకుగా ఉండే చెక్క, వెదురు, రబ్బరు తొడుగు మనకు అనుకూలం. లోహానికి నికెల్ పూత ఉంటే కొందరికి చెమటతో కలిసి దురద, దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్లు వెదురుకో అల్యూమినియానికో మారడం మేలు. వెదురులో ఇంకో గుణం ఉంది, జారుడు దారాన్ని అది కాస్త నిలుపుతుంది. లేసు దారానికి మాత్రం వెదురు పనికిరాదు. అంత సన్నగా చేస్తే విరుగుతుంది. సన్నదారానికి ఉక్కే గతి. కాబట్టి అక్కడ పిడి అవసరం ఇంకా ఎక్కువ.

సూదిని పట్టుకునే తీరును బట్టి కూడా ఎంపిక మారుతుంది. కొందరు కలం పట్టినట్టు పడతారు, కొందరు కూరలు తరిగే చాకులా గుప్పిట్లో పడతారు. కలం పట్టు వాళ్లకు వేళ్లు ఆనేచోట లావు ఉంటే చాలు. చాకు పట్టు వాళ్లకు పొడవు ముఖ్యం. మామూలు అల్యూమినియం సూది సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. అరచేయి పెద్దదైతే దాని వెనక కొస సరిగ్గా అరచేతి మధ్యలో గుచ్చుకుంటుంది. చాలా సూదులకు బొటనవేలు ఆనడానికి చదునైన చోటు ఉంటుంది కదా, మీరు సహజంగా పట్టినప్పుడు వేలు అక్కడ పడకపోతే ఆ చదును అంచులే గుచ్చుకుంటాయి. వేళ్ల ముద్రలతో అచ్చుపోసిన పిడులైతే ఇంకా జాగ్రత్త. కుడిచేతి కోసం మలిచినది ఎడమచేతి వాటం వాళ్లకు పనికిరాదు. ఒకరికి అమరింది ఇంకొకరికి అమరదు కాబట్టి ఫలానా కంపెనీ సూదే కొనమని నేను చెప్పలేను. మీరు వాడే దారం ఓ ఉండ వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే రెండు వరసలు అల్లి చూస్తానని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.

పిడి లావుగా ఉంటే దారం బిగువు వేలికి తెలియదు, పని నాణ్యత పోతుందని చేయితిరిగిన వాళ్లు అంటారు. అలవాటైన సూది వదిలితే మొదట్లో అలా అనిపించడం నిజం. కానీ బిగువును ప్రధానంగా నియంత్రించేది దారం చుట్టుకున్న రెండో చేయి. సూది పట్టిన చేయి నొప్పిలో ఉంటే కుట్లు సమంగా రావు, బిగుసుకుపోతాయి. అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. సూది మారిస్తే కొక్కెం, మెడ మారతాయి, కుట్టు కొలత మారుతుంది. విడివిడిగా పూలు అల్లి కలిపే బల్లగుడ్డలో ఒక పూవు చిన్నదై, ఒకటి పెద్దదైతే మొత్తం ముడతలు పడుతుంది. అందుకే సగంలో ఉన్న పనికి సూది మార్చకూడదు. ఉన్న సూదికే పిడి చేర్చుకోవాలి.

పిడి చేర్చుకోవడానికి ఖర్చు పెద్దగా కాదు. జపాన్‌కు చెందిన క్లోవర్, ట్యులిప్ వంటి కంపెనీలు మెత్తని పిడితో మంచి సూదులు చేస్తున్నాయి, వాటి ధర అందరికీ అందదు. స్టేషనరీ దుకాణంలో పిల్లల పెన్సిళ్లకు తొడిగే రబ్బరు తొడుగు దొరుకుతుంది. పాత నూలుచీర పేలికను బిగుతుగా చుట్టి కుట్టేసినా పనిచేస్తుంది, చెమటనూ పీలుస్తుంది. స్థిరంగా ఉండాలంటే హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎం-సీల్ వాడవచ్చు. అందులోని రెండు ముద్దల్నీ కలిపేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోవాలి, అది చర్మానికి పడదు. కలిపిన ముద్దను పట్టుకునే చోట సూది చుట్టూ పెట్టి, కవరు తీయకుండానే అల్లేటప్పుడు పట్టుకున్నట్టు మెల్లగా పట్టుకుంటే మీ వేళ్ల గుంటలే దాని మీద పడతాయి. కొక్కెం నోరు ఎటు ఉందో చూసుకుని మరీ పట్టాలి, లేకపోతే గట్టిపడ్డాక వేళ్ల గుంటలు ఒకవైపు, కొక్కెం ఇంకోవైపు అవుతాయి. గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దితే సరి. తొడుగు ఏదైనా సూది దానిలో తిరగకుండా ఉండాలి. తిరిగే తొడుగు అసలు తొడుగు లేకపోవడం కంటే చెడ్డది, ఎందుకంటే దాన్ని ఆపడానికి ఇంకా గట్టిగా నొక్కాలి.

నొప్పికి కారణం సూది కాదు, విరామం లేకపోవడమే అని వైద్యం తెలిసినవాళ్లు అనవచ్చు. ఇందులో సగం ఒప్పుకుంటాను. ఎన్నిసార్లు చేస్తున్నాం, ఎంత బలం పెడుతున్నాం, మణికట్టు ఎలా వంగి ఉంది, ఈ మూడూ కలిసే నొప్పి తెస్తాయి. ఎంత మంచి పిడి ఉన్నా నాలుగు గంటలు ఏకబిగిన అల్లకూడదు. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే, చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే, ఉదయం లేచేసరికి వేలు ముడుచుకుని టక్కున విచ్చుకుంటుంటే కొత్త సూది కొనడం మందు కాదు, వైద్యుడికి చూపించాలి. అయితే విరామం తీసుకోవడానికి వీలున్నవాళ్లు కొందరే. పిడి మాత్రం ప్రతి కుట్టులోనూ తన పని తాను చేస్తుంది. ఆ మూడింటిలో ఒకదాన్ని చవకగా తగ్గించే వీలున్నప్పుడు, మిగతా రెండూ తగ్గే దాకా దాన్ని ఆపడంలో అర్థం లేదు.

నరసాపురం ప్రాంతంలో లేసు పనికి దారాన్ని ఇళ్లకు పంపి, అల్లిన సరుకును వెనక్కి తీసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. శిక్షణ కేంద్రాల్లో కొత్త డిజైన్లు నేర్పిస్తున్నారు, ఎగుమతి గురించి మాట్లాడుతున్నారు. సంఘాలు, ఎగుమతిదారులు, శిక్షణ ఇచ్చేవాళ్లు దారంతో పాటు పిడి ఉన్న సూదిని కూడా ఇవ్వాలని నా కోరిక. ఆరీ సూదులకు చెక్క పిడులు చేసే పనివాళ్లు మన పట్నాల్లోనే ఉన్నారు. అదే పిడిని 10 మిల్లీమీటర్ల లావుకు, తేలిక చెక్కతో, లేసు సూదికి సరిపోయేలా చేయమని అడగడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. ముందుగా ఒక ఊళ్లో కొందరు అల్లేవాళ్లకు రెండు మూడు లావుల్లో ఇచ్చి, నెల తర్వాత ఎవరు ఏది అట్టేపెట్టుకున్నారో, ఎవరు పక్కన పడేశారో అడగాలి. ఆ జవాబుల్ని బట్టి కొలత సవరించుకుని, తర్వాతి విడత చేయించాలి.